సబ్బా, సున్నిపిండా, బాడీవాషా? ముందు మీ ఇంటి నీళ్ళు చూసుకోండి

రాజమండ్రిలో ఉన్నన్నాళ్ళూ సబ్బు గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. సరుకుల చీటీలో ఏది రాస్తే అది వచ్చేది, దాంతోనే స్నానం అయిపోయేది. హైదరాబాద్ శివార్లలో బోరు నీళ్ళ ఫ్లాట్‌లోకి మారాక, రెండు నెలల్లోనే పిక్కల మీద గోరుతో గీస్తే తెల్ల గీత పడటం మొదలైంది. స్నానం చేసి బయటికి రాగానే ముఖం బిగుసుకుపోయేది, రాత్రి దురద. సబ్బు మార్చాను. పోలేదు. ఇంకా ఖరీదైనది కొన్నాను, అదీ అంతే. మూడోది కొనడానికి షాపుకి వెళ్ళబోతుంటే ఖాళీ బకెట్ అంచున పేరుకున్న బూడిదరంగు తెట్టు కంటపడింది. వేలితో గీస్తే మైనంలా వచ్చింది. రాజమండ్రి బకెట్‌కి అది ఎప్పుడూ లేదు.

తప్పు సబ్బుది కాదు, నీళ్ళదీ కాదు, ఆ రెండింటి జోడీది. అందుకే ఏది కొనాలో చెప్పేముందు, ఒంటి మీద అసలు ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి.

## సబ్బు చేసే పని

ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన మిరియాల పొడి చల్లండి. మామూలు వేలు ముంచితే ఏమీ కాదు. వేలికి కాస్త సబ్బు రాసుకుని ముట్టుకోండి, పొడి అంతా ఒక్కసారిగా అంచులకి పారిపోతుంది. నీటి పైపొర బిగించిన దుప్పటిలా ఉంటుంది. సబ్బు తగిలిన చోట ఆ బిగువు సడలుతుంది. చుట్టూ బిగువుగానే ఉన్న పొర పొడిని తనవైపు లాక్కుపోతుంది. బిగువు తగ్గిన నీరు చర్మం మీద బొట్లుగా నిలవకుండా పరుచుకుంటుంది, సందుల్లోకీ దిగుతుంది.

ఇది సగం పని. మిగతా సగం జిడ్డు దగ్గర. సబ్బు అణువుకి ఒక తల, ఒక పొడవాటి తోక ఉంటాయి. తలకి నీరంటే ఇష్టం, తోకకి నూనె అంటే ఇష్టం. జిడ్డు కనబడగానే తోకలన్నీ అందులో గుచ్చుకుంటాయి, తలలు నీటివైపు ఉంటాయి. అలా జిడ్డుని చిన్న చిన్న ఉండలుగా చుట్టేసి తేల్చేస్తాయి. తర్వాత పోసే రెండు చెంబుల నీళ్ళు వాటిని తీసుకుపోతాయి. చెమటలోని ఉప్పు, మామూలు దుమ్ము వీటికి సబ్బు అక్కర్లేదు, ఉత్త నీళ్ళకే పోతాయి. సబ్బు అవసరం పడేది జిడ్డుకీ, జిడ్డుని పట్టుకుని ఉన్న మట్టికీ, సూక్ష్మక్రిములకీ.

క్రిముల్ని సబ్బు చంపేస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ భాగం చంపదు, ఊడదీసి నీళ్ళలో కలిపి పంపించేస్తుంది. కరోనా లాంటి, కొవ్వు పొర తొడుక్కున్న వైరస్‌ల విషయంలో మాత్రం ఆ పొరనే చీల్చి పనికిరాకుండా చేస్తుంది. ఏ దారిలో అయినా రుద్దడానికి సమయం ఇవ్వాలి. చేతులకి 20 సెకన్లు అని చెప్పడం అందుకే.

చిక్కంతా ఎక్కడంటే, సబ్బుకి మురికి జిడ్డుకీ మన చర్మం తయారుచేసుకున్న జిడ్డుకీ తేడా తెలియదు. చర్మం పైపొర ఇటుకల గోడ అనుకుంటే, ఇటుకల మధ్య సిమెంటు కొవ్వులే. లోపలి తేమ బయటికి పోకుండా ఆపేది అదే. రోజూ బాగా రుద్ది కడిగితే మురికితో పాటు ఆ సిమెంటూ కొంచెం కొంచెం కొట్టుకుపోతుంది. కాబట్టి ఎంపిక అంటే ఏది ఎక్కువ శుభ్రం చేస్తుందన్నది కాదు. ఎంత శుభ్రం చేసి ఎక్కడ ఆగుతుందన్నది.

## కొనేముందు చూసుకోవలసినవి

నీళ్ళు. అన్నిటికంటే ముందు ఇదే. సున్నం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో సబ్బు వాటితో కలిసి కరగని పదార్థంగా మారిపోతుంది. బకెట్‌కి పట్టిన తెట్టు అదే, ఒంటికి పట్టేదీ అదే. ఆ సున్నం తీరేదాకా నురగ రాదు, నురగ రాలేదని మనం ఇంకా రుద్దుతాం. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన కఠినత్వం (ఈ సున్నం, మెగ్నీషియాల లెక్క) హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. శివార్లలో లోతు బోర్లు కొన్ని ఆ రెండో హద్దు కూడా దాటి ఉంటాయి.

ల్యాబ్‌కి వెళ్ళకుండా ఇంట్లోనే ఒక అంచనాకి రావచ్చు. రెండు ఖాళీ వాటర్ బాటిళ్ళు తీసుకోండి. ఒకదాంట్లో ఆర్‌వో నీళ్ళు, ఇంకోదాంట్లో బాత్రూం కుళాయి నీళ్ళు సమానంగా పోయండి. మామూలు సబ్బుబిళ్ళని గీకి చిటికెడు పొడి రెండింట్లో వేసి బాగా కుదపండి. ఆర్‌వో బాటిల్లో నురగ నిలబడుతుంది. కుళాయి బాటిల్లో నురగ రాకుండా పాలు విరిగినట్టు తునకలు తేలితే మీ నీళ్ళు గట్టివే. బాడీవాష్‌తోనో గిన్నెల లిక్విడ్‌తోనో ఈ పరీక్ష చేయకండి, అవి గట్టి నీళ్ళలోనూ నురగ ఇస్తాయి. టీడీఎస్ మీటర్ అంకె చూసి కూడా మోసపోవద్దు, అది కరిగిన లవణాలన్నిటి లెక్క, సున్నం లెక్క ఒక్కటే కాదు.

చర్మం. స్నానమైన పావుగంటకి ఏమీ రాయకుండా చూసుకోండి. బిగుసుకుపోయి గీతలు పడితే పొడి చర్మం. ముక్కు పక్కన, నుదుటి మీద అప్పుడే మెరుస్తుంటే జిడ్డు చర్మం. చాలామందికి ముఖం జిడ్డు, కాళ్ళు పొడి. అలాంటప్పుడు ఒకే బిళ్ళతో తల నుంచి పాదాల దాకా లాగించేయడంలో అర్థం లేదు.

మురికి. ఏసీ గదిలో కూర్చునేవాళ్ళకీ, పొలంలో మందు కొట్టి వచ్చేవాళ్ళకీ, మెకానిక్ షెడ్డులో పనిచేసేవాళ్ళకీ ఒకే స్నానం సరిపోదు.

## ఉత్త నీళ్ళు

దీన్ని ఎవరూ ఎంపికగా లెక్కలోకి తీసుకోరు. తీసుకోవాలి. చెమటకి స్వతహాగా పెద్దగా వాసన ఉండదు. చంకల్లో, గజ్జల్లో వచ్చే చిక్కటి చెమటని బాక్టీరియా విరగ్గొడితే వాసన వస్తుంది. కాబట్టి సబ్బు తప్పనిసరిగా కావలసింది చంకలు, గజ్జలు, పాదాలు, చేతులకే. జబ్బలు, వీపు, కాళ్ళ మీది మిగతా చర్మానికి దుమ్ము పట్టనిరోజు నీళ్ళు చాలు. మే నెలలో విజయవాడలో రోజుకి రెండుమూడు సార్లు స్నానం చేసేవాళ్ళు ప్రతిసారీ సబ్బు రుద్దుకుంటే చర్మం ఎండిపోక ఏమవుతుంది? ఒక్కసారి సబ్బు, మిగతావి ఉత్త చెంబులు.

## మామూలు సబ్బుబిళ్ళ

నూనెలో కాస్టిక్ సోడా కలిపితే పుట్టేదే సబ్బు. పక్కన గ్లిజరిన్ కూడా పుడుతుంది. వేప అని, పసుపు అని, గంధం అని, ఆయుర్వేదం అని పెట్టె మీద ఏం రాసినా లోపలి అసలు సరుకు ఇదే. దీని పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, పెరిగేకొద్దీ క్షారం) 9 నుంచి 10 మధ్య ఉంటుంది, చర్మానిది దాదాపు 5. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) ఉన్న చర్మం, ముసలి చర్మం అంత త్వరగా సర్దుకోలేవు.

ఇక టీఎఫ్‌ఎం. పెట్టె వెనక ఉండే ఈ అంకె మొత్తం కొవ్వు పదార్థం శాతం. టాయిలెట్ సోపుల్లో 76 శాతం పైన ఉంటే గ్రేడ్ 1, 70 అయితే గ్రేడ్ 2, 60 అయితే గ్రేడ్ 3. బేతింగ్ బార్ అని రాసినవాటికి 40 ఉంటే చాలు. ఈమధ్య వీడియోల్లో టీఎఫ్‌ఎం ఎక్కువుంటే చర్మానికి మంచిదని తెగ చెబుతున్నారు. సగమే నిజం. అంకె ఎక్కువైతే నింపుడు పొడి తక్కువ, బిళ్ళ నానిపోకుండా ఎక్కువ రోజులు వస్తుంది, డబ్బుకి న్యాయం జరుగుతుంది. అంతేగానీ క్షారం క్షారమే, గట్టి నీళ్ళలో తెట్టు కట్టేదీ అదే. పైగా పారదర్శకంగా ఉండే గ్లిజరిన్ సబ్బుల్లో గ్లిజరిన్, చక్కెర లాంటివి ఉండటంవల్ల అంకె తక్కువ కనబడుతుంది. అంతమాత్రాన అవి చెడ్డవి కావు.

మంచి నీళ్ళు, మామూలు చర్మం ఉన్నవాళ్ళు గ్రేడ్ 1 సబ్బు కొనుక్కుని హాయిగా ఉండొచ్చు. వాళ్ళు ఇక్కడితో ఆపేసినా నాకేం అభ్యంతరం లేదు.

## సబ్బు కాని సబ్బు: సిండెట్ బార్

చూడ్డానికి బిళ్ళే, కానీ సబ్బు కాదు. సింథటిక్ డిటర్జెంట్ అన్న మాటకి కురచ రూపమే సిండెట్. దీని కథ మొదటి ప్రపంచ యుద్ధంలో మొదలైంది. జర్మనీలో ఆ యుద్ధం కొవ్వులకి కరువు తెస్తే, కొవ్వు లేకుండా మురికి తీసే రసాయనాల కోసం వెతుకులాట మొదలైంది. ఆ వెతుకులాటలోంచి బట్టల పొడులొచ్చాయి, తర్వాత ఒంటికి పనికొచ్చే మెత్తటి రకాలొచ్చాయి. 1957లో అమెరికాలో డవ్ బిళ్ళ ఈ దారిలోనే వచ్చింది.

దీంట్లో రెండు సుగుణాలు. పీహెచ్‌ని చర్మానికి దగ్గరగా పెట్టుకోవచ్చు. సున్నంతో కలిసి తెట్టు కట్టదు. నా పిక్కల గీతలు తగ్గింది దీనితోనే, అదీ మూడో వారానికి.

గుర్తుపట్టడమే కష్టం. తక్కువ రకం సబ్బు మీదా, మంచి సిండెట్ మీదా బేతింగ్ బార్ అనే ఉండొచ్చు. పదార్థాల జాబితాలో మొదటి పేరు చదవండి. సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నెలేట్ లాంటివి ముందుంటే అది సబ్బు. ఐసెథియోనేట్ అనే మాట ముందుంటే సిండెట్. కొన్నిట్లో రెండూ కలిపి ఉంటాయి, ముందు ఏది రాశారన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. ధర రెండుమూడు రెట్లు. తడిలో వదిలేస్తే జావైపోతుంది, కన్నాల పెట్టె కొనాల్సిందే. కడుక్కున్నాక కూడా కాస్త జారుడుగా ఉంటుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళకి అది నచ్చలేదు, ఒళ్ళు శుభ్రపడినట్టే లేదంటారు. చర్మం కిర్రుమంటేనే శుభ్రమని మనకి అలవాటు. ఆ కిర్రుమనడం నూనె అంతా పోయిందనడానికి గుర్తు, గట్టి నీళ్ళయితే కొంత తెట్టు అంటుకుందనడానికి కూడా.

## బాడీవాష్

ఇదీ సిండెట్ కుటుంబమే, నీళ్ళు కలిపి సీసాలో పోశారు. గట్టి నీళ్ళలో నురగ వస్తుంది. అందరూ ఒకే బిళ్ళ వాడాల్సిన అవసరం లేదు కాబట్టి హాస్టల్లో, జిమ్‌లో వీలు. అయితే సీసా అంటే మెత్తనిదని రూలేం లేదు. సోడియం లారిల్ సల్ఫేట్ ముందున్న చౌక రకం కొన్ని సబ్బులకంటే ఎక్కువ ఎండగడుతుంది. నీళ్ళుంటాయి కనక పాడవకుండా మందులు కలపాలి, వాటిలో మిథైల్ ఐసోథయాజోలినోన్ కొందరికి అలెర్జీ తెస్తుంది. అరచేతిలో ఎంత పోస్తున్నామో తెలియదు, నెలకి రెండు సీసాలు అయిపోతాయి.

## సున్నిపిండి

పెసలు, కాస్త శనగపప్పు, బియ్యం, కచ్చూరాలు, బావంచాలు, పసుపు, ఎండిన గులాబీ రేకులు. ఇంటికో లెక్క. పార్వతీదేవి ఒంటి నలుగు పిండితోనే వినాయకుణ్ణి చేసిందని ప్రతి చవితికీ చదువుకుంటాం. మొదటి ముద్ద ఎంత పెద్దదై ఉండాలి!

సున్నిపిండి పనిచేసే తీరు వేరు. దీనిలో సబ్బులాంటి గుణం చాలా కొద్ది. పిండి రేణువులు నూనెని పీల్చుకుంటాయి, రుద్దుడికి మృతచర్మం ఊడొస్తుంది. అందుకే నువ్వులనూనె పట్టించి తలంటు పోసుకునే రోజు దీన్ని మించింది లేదు. సబ్బయితే రాసిన నూనె మొత్తం లాగేస్తుంది, సున్నిపిండి పైపైది తీసుకుని పలచటి పొర వదిలేస్తుంది. భోగి చలిలో ఆ పొరే రక్ష.

నూనె రాసుకోకుండా పొడి ఒంటికి రోజూ ఇదే గట్టిగా రుద్దితే మాత్రం గరుకు కాగితం పెట్టినట్టే. ఇంట్లో చేసింది గదా అని అందరికీ పడుతుందనుకోవద్దు, పసుపూ నిమ్మతొక్కలూ పడనివాళ్ళున్నారు. నిల్వ డబ్బాలోకి తడి చెయ్యి వెళితే బూజు పడుతుంది. ఫ్లాట్లలో ఇంకో బాధ, మోరీ జాలీ మూసుకుపోతుంది. మలవిసర్జన తర్వాతా, రోగిని ముట్టుకున్నాకా చేతులు కడుక్కోవడానికి ఇది చాలదు, అక్కడ సబ్బే.

## కుంకుళ్ళు, శీకాయ

ఒంటికంటే తలకే వాడతాం కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వీటిలో సాపోనిన్లు ఉంటాయి, వాటికీ సబ్బుకి లాగే తల తోక ఉన్నాయి. నురగ రావడం అందుకే. సబ్బులా తెట్టు కట్టవు, క్షారమూ కాదు. పట్టుచీరలకీ బంగారానికీ కుంకుడు రసం వాడటం ఊరికే రాలేదు. కంట్లో పడితే మాత్రం ఎంత మంటో చిన్నప్పుడు తలంటు పోయించుకున్న ఎవరినడిగినా చెబుతారు.

## క్రిములను చంపుతానని చెప్పే సబ్బులు

ఇంట్లో మామూలు వాడకానికి వీటిమీద ఎక్కువ డబ్బు పెట్టకండి. 2016 సెప్టెంబర్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బన్ సహా 19 పదార్థాలున్న సబ్బులని జనానికి అమ్మకూడదని తేల్చింది. మామూలు సబ్బు నీళ్ళకంటే ఇవి మెరుగని కంపెనీలు చూపలేకపోయాయి. ఆపరేషన్ ముందు, పుండ్లున్నప్పుడు డాక్టర్ రాసిస్తే అది వేరే సంగతి.

## ఒక్కచోట చూస్తే

| | బోరు నీళ్ళలో | పొడి చర్మానికి | జిడ్డు, గ్రీజుకి | ఖర్చు |
|---|---|---|---|---|
| ఉత్త నీళ్ళు | తేడా లేదు | మంచిది | చాలదు | లేదు |
| మామూలు సబ్బు | తెట్టు కడుతుంది | ఎండగడుతుంది | బాగా పోతుంది | తక్కువ |
| సిండెట్ బార్ | బాగుంటుంది | అన్నిట్లోకి మేలు | మధ్యస్థం | ఎక్కువ |
| బాడీవాష్ | బాగుంటుంది | రకాన్ని బట్టి | మధ్యస్థం | బాగా ఎక్కువ |
| సున్నిపిండి | తేడా లేదు | నూనె రాసుకుంటేనే | ఒంటి నూనెకి సరి, గ్రీజుకి కాదు | తక్కువ, శ్రమ ఎక్కువ |

## మీరెవరు?

పసిపిల్లల ఇల్లు. పుట్టిన బిడ్డకి మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగి చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తర్వాత కూడా గోరువెచ్చని నీళ్ళు, మడతల్లో అవసరమైతే వాసన లేని సిండెట్ కొద్దిగా. కాళ్ళమీద పడుకోబెట్టి నూనె మర్దన చేసే అమ్మమ్మని ఆపక్కర్లేదు. నూగు పోవాలని శనగపిండి ముద్దతో రుద్దడం మాత్రం ఆపండి. నూగు దానంతటదే రాలిపోతుంది, చర్మం ఎర్రబడటం మిగులుతుంది.

అరవై దాటినవాళ్ళు. నూనె గ్రంథులు నెమ్మదిస్తాయి. సిండెట్, అది కూడా చంకలు గజ్జలు పాదాలకే. నీళ్ళు వేడివేడిగా వద్దు, వేడికి చర్మపు కొవ్వు ఇంకా తేలిగ్గా కరుగుతుంది. వేడి క్రిముల్ని చంపుతుందన్న ఆశా వద్దు, ఆ వేడి మనం ఓర్చుకునేది కాదు. తుడుచుకున్న వెంటనే, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే కొబ్బరినూనెగానీ మాయిశ్చరైజర్‌గానీ రాయండి. సిండెట్‌కి డబ్బు పెట్టలేకపోతే మామూలు సబ్బు వాడకం తగ్గించి ఈ ఒక్క పనీ చేసినా చాలా తేడా కనిపిస్తుంది.

గ్రీజు, రంగులు, జిగురు పనివాళ్ళు. పనసకాయ కోసేముందు చేతికి నూనె రాసుకోమని ఇంట్లో చెబుతారు కదా, అదే సూత్రం. గ్రీజు చేతికి ముందు కాస్త వంటనూనె రుద్దండి, గ్రీజు అందులో కరుగుతుంది. అప్పుడు సబ్బు. కిరోసిన్‌తో, బట్టల సోడాతో కడిగితే పోతుంది, తోలూ పోతుంది. పురుగుమందు పడిన రోజు మాత్రం నూనె జోలికి వెళ్ళకుండా వెంటనే సబ్బు, చాలా నీళ్ళు.

మొటిమల వయసు పిల్లలు. రోజుకి ఐదుసార్లు ముఖం కడిగితే మొటిమలు పోవు. రెండుసార్లు, మెత్తటి ఫేస్‌వాష్. బీరపీచు వీపుకి వాడుకోండి, ముఖానికి వద్దు.

ఎగ్జిమా ఉన్నవాళ్ళు. వాసన లేని సిండెట్, స్నానం కాగానే మాయిశ్చరైజర్. ఇంటికంతా నీళ్ళలో సున్నం తీసే సాఫ్ట్‌నర్ బిగిస్తే జబ్బు తగ్గుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. ఇంగ్లాండ్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద చేసి 2011లో అచ్చయిన పరీక్షలో, సాఫ్ట్‌నర్ పెట్టిన ఇళ్ళకీ పెట్టని ఇళ్ళకీ జబ్బు తగ్గడంలో తేడా రాలేదు. గీజరూ కుళాయిలూ బాగుండాలని పెట్టించుకుంటే అది వేరే లెక్క, సున్నాన్ని తీసి సోడియం ఇచ్చే ఆ యంత్రం నిజంగానే తెట్టు ఆపుతుంది. షవర్‌కి తగిలించే పిడికెడు ఫిల్టర్లు మాత్రం కఠినత్వాన్ని పెద్దగా తగ్గించవు. నేను ఒకటి కొని ఆరు నెలలు చూశాను, బకెట్ అంచు మారలేదు.

ఏది మార్చినా ఒక్కటే మార్చి మూడు వారాలు ఆగండి. సబ్బూ నూనే షాంపూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. చర్మం పగిలి రక్తం వచ్చినా, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి దురద పట్టినా ఈ ప్రయోగాలు మాని డాక్టర్‌కి చూపించండి. అందరికీ వరసగా దురదంటే గజ్జి కావచ్చు, దానికి ఏ సబ్బూ మందు కాదు.

ఇప్పుడు మా బాత్రూంలో మూడున్నాయి. నాకు సిండెట్, ఆఫీసు నుంచి చెమటతో వచ్చే మా అబ్బాయికి గంధపు సబ్బు, వాష్‌బేసిన్ దగ్గర చేతులకి ఏదో చౌక బిళ్ళ. సంక్రాంతికి అమ్మ వచ్చినప్పుడు నాలుగోది చేరుతుంది, కిలో సున్నిపిండి డబ్బా. ఆ వారం మోరీ జాలీ శుభ్రం చేసే పని నాది.